ఎర్ర అక్షరాలు ఏ మూలన

రైలు తాడేపల్లిగూడెంలో కదిలేసరికి హేమంత్‌కుమార్ ఒళ్ళో లాప్‌టాప్ తెరిచే ఉంది, చెవిలో తన కింద పనిచేసే వీరేంద్ర గొంతు ఇంకా మోగుతూనే ఉంది. సార్, యాప్‌లో అన్ని చెరువులూ పచ్చగా చూపిస్తున్నాయండి, అక్కడ చూస్తే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంట, మన రైతు శ్రీరంగనాయకులు గారు ఫోన్ చేశారు, నేనేమో జంగారెడ్డిగూడెంలో బావమరిది పెళ్ళిలో ఉన్నాను, లాప్‌టాప్ తెచ్చుకోలేదు, ఆ భాగం మొదట రాసింది మీరే కదా, మీరే చూడాలండి. చూడాలి. ఈమధ్య ఆ మాట వింటే చాలు తప్పించుకోవడానికి ఏదో సాకు వెతుక్కుంటున్నాడు. పొద్దున్నుంచీ ఆకాశం బోర్లించిన మూకుడులా ఉంది, ఆకు కదలడం లేదు. ఇలాంటి పూటలంటేనే భయం. ఎండ లేకపోతే నీళ్ళలో నాచు ప్రాణవాయువు చెయ్యదు, గాలి లేకపోతే పైనుంచి కలవదు, చెరువులో ఉన్న శీలావతి, బొచ్చె చేపలు ఆ కాస్తా పీల్చేసి ఊపిరాడక పైకొస్తాయి. ఆ సంగతి ముందే పసిగట్టడానికే కదా తమ ఏలూరు కంపెనీ ఉన్నది. కొల్లేరు చుట్టూ చెరువుల్లో తమ పరికరాలు మునిగి ఉంటాయి, ప్రాణవాయువు ఎంతుందో కొలిచి పంపుతుంటాయి, తగ్గితే ప్రోగ్రాము రైతు ఫోన్ మోగిస్తుంది, రైతు ఏరియేటర్లు వేస్తాడు, చక్రాలు తిరిగి నీళ్ళని చిలుకుతాయి, చేప బతుకుతుంది. ఇవాళ ఆ ఫోనే మోగడం లేదు. ఆఫీసులో ఉన్నవాళ్ళు రైతులకి ఒక్కొక్కరికీ చేస్తున్నారట, సగం మంది ఎత్తడం లేదు, ఎత్తినవాళ్ళు యాప్ చూసుకుని పచ్చగానే ఉంది కదండీ అని పెట్టేస్తున్నారట. నమ్మకం. ఇన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న నమ్మకమే ఇవాళ చేపల పీక మీదికొచ్చింది.

బాదంపూడి దాటింది కాబోలు, పట్టాలు మారిన చప్పుడయింది. తెర మీద ఫైళ్ళ పేర్లు వరసగా దిగుతున్నాయి, వందల ఫైళ్ళు, వాటిలో ఎక్కడో ఒక్క వరస తప్పు. ఆరేళ్ళ కిందట ఈ ప్రోగ్రాము తనే రాశాడు, అప్పట్లో ఏది ఎక్కడుందో వేళ్ళకే తెలిసేది, వంటింట్లో అమ్మకి పోపుడబ్బా తెలిసినట్టు, కరెంటు పోయినా చెయ్యి చాస్తే ఆవాలే వచ్చేవి. మొన్న ఎండాకాలంలో వీరేంద్ర అంతా సర్దాడు. బాగా సర్దాడు, తప్పు పట్టడానికి లేదు, పెద్ద ఫైళ్ళు ముక్కలు చేసి, పేర్లు మార్చి, పద్ధతిగా పెట్టాడు. కాని తన ఇంట్లో సామానంతా తనకి చెప్పకుండా జరిపేసినట్టయింది. కళ్ళు బాగున్నవాడికి అదొక లెక్క కాదు, ఒక్కసారి కలయజూస్తే దొరుకుతుంది. కలయజూడటం. ఆ పని తన కళ్ళు ఎప్పుడు మానేశాయో తనకే తెలియదు. ఇప్పుడు తనకున్నది చిన్న గుండ్రటి చూపు, గొట్టంలోంచి చూసినట్టు. ఆ గుండ్రంలో పడ్డది స్పష్టంగానే ఉంటుంది, పడనిది లేనే లేదు. చీకటిగా ఉండటం కాదు, అసలు లేకపోవడం. నిన్న తణుకులో కంటి పరీక్ష, తెల్లటి గిన్నెలాంటి దాంట్లో తల పెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నొక్కాడు, నొక్కాడు, తరవాత ఎంతకీ చుక్క రాలేదు. మెషిన్ ఆగిపోయిందాండీ అని అడిగాడు. పక్కనున్న అమ్మాయి, లేదండి, నడుస్తూనే ఉందండి, అంది మెల్లగా.

"ఆఫీసు పనా బాబూ?" ఎడమ పక్కనుంచి గొంతు. తల తిప్పితేగాని కనబడలేదు, పెద్దావిడ, చేతిలో బట్టల సంచి, నుదుట పెద్ద బొట్టు. ఎప్పుడొచ్చి కూర్చుందో. "ఆఁ, అవునండి" అన్నాడు. "ఏలూరేనా? నేనూ అక్కడికేనండి, మా కోడలికి తీసిన చీర మార్చాలి" అంది. తలూపి మళ్ళీ తెర వైపు తిరిగాడు, తిరిగేసరికి ఏ వరస దగ్గరున్నాడో పోయింది. ఇదే. ఇలాగే. ఒక్కసారి చూపు తీస్తే మళ్ళీ మొదటికి. ఈ లెక్కన ఈ ఫైళ్ళన్నీ వరసవరసా చదువుకుంటూ పోతే కొల్లేట్లో చేప మిగలదు.

వేరే దారి ఉంది. ఉందని తెలుసు. ఉందని తెలిసీ ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు. ఒక ఫైలులో ఒక మాట వెతకడం కోడు రాసుకునే ఎడిటర్‌కి పుట్టుకతోనే వచ్చు, అన్ని ఫైళ్ళలోనూ ఒకేసారి వెతికి, దొరికినవాటిని ఒకదాని కింద ఒకటి పేర్చి, కోరినచోటికి ఎగిరి వెళ్ళేలా చేసే ప్లగిన్ విడిగా పెట్టుకోవాలి. ఆఫీసులో అందరికీ ఉంది. వీరేంద్ర ఎన్నిసార్లు చెప్పాడో, సార్ ఇది పెట్టుకోండి, నాలుగక్షరాలు కొడితే ఎక్కడికైనా పోవచ్చు. తను నవ్వేసేవాడు, నా కోడులో నాకు వెతుక్కునే పనేంటయ్యా అని. అందరూ ఆ నవ్వుని పెద్దాయన దర్జా అనుకున్నారు. ఉషశ్రీ మాత్రం అనుకోలేదు. భార్య దగ్గర ఏం దాగుతుంది. బడిలో పాఠాలు చెప్పి గొంతు అరిగిన మనిషి, రాత్రి అన్నాలయ్యాక నెమ్మదిగా మొదలుపెట్టేది, ఆఫీసులో చెప్పండి, అని. చెబితే పక్కన పెడతారు ఉషా. చెప్పకపోతే మీ అంతట మీరే పక్కకి పోతున్నారు కదండీ. తను మంచం ఎక్కేసేవాడు. ఆ ప్లగిన్ పెట్టుకుంటే, తన కోడులో తనే దారి అడుక్కుంటున్నట్టు ఒప్పుకోవడం. బైకు తోలడం మానేసి రైలెక్కినప్పుడు పెట్రోలు ధర మీద నెపం పెట్టాడు, చెరువు గట్టు మీంచి జారి మోకాలిలోతు బురదలో పడ్డప్పుడు చెప్పుల మీద పెట్టాడు. కూతురు హర్షిణి బడి వార్షికోత్సవంలో దేని మీద పెట్టాలో తెలియలేదు. వేదిక మధ్యలో నెమలిరంగు పరికిణీలో పిల్ల చక్కగా ఆడుతోంది, హర్షిణే అనుకుని ఆ పిల్ల మీదే చూపు నిలిపి పాటంతా చూశాడు, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాడు. ఇంటికొస్తూ హర్షిణి, నాన్నా నేను ఎడమవైపు చివర ఉన్నాను, నువ్వసలు నన్ను చూళ్ళేదు, అంది. కోపంగా కూడా అనలేదు.

ఎక్కిస్తాను. ఇప్పుడే. రైల్లోనే. ప్లగిన్ పేరు కొట్టాడు, ఫోన్ నుంచి లాప్‌టాప్‌కి నెట్ ఇచ్చాడు, దిగడం మొదలయింది. ఉంగుటూరులో రైలు ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, వేరుశెనక్కాయలమ్మే గొంతొకటి పెట్టె ఈ చివరినుంచి ఆ చివరికి పోయింది. ప్లగిన్ దిగింది. మీట నొక్కాడు, మాట అడిగింది, కొట్టాడు, ఏమీ దొరకలేదంది. దొరక్కపోవడమేంటి. అవును, ఇది పైపై పెట్టె మాత్రమే, లోపల నిజంగా వెతికే ప్రోగ్రాము ఇంకొకటి ఉండాలి, అదీ దింపుకోవాలి. మొదలుపెట్టాడు. రైలు కదిలింది. సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పడిపోయాయి. సగంలో ఆగింది. చేబ్రోలు వస్తే మళ్ళీ అందుకోవచ్చు. కిటికీలోంచి తడి వాసన, ఊడ్చిన వరిపొలాల వాసన, దాని వెనక దూరంగా చెరువుల వాసన కూడా ఉన్నట్టనిపించింది, ఉత్త భ్రమ కావచ్చు. చేప చచ్చేముందు చప్పుడు చెయ్యదు. నోరు తెరుస్తుంది, మూస్తుంది. ఒక చెరువంతా అలా నోళ్ళు తెరిచి ఉంటే వాన చినుకులు పడుతున్నట్టుంటుంది, పైన వాన ఉండదు. ఒకసారి చూశాడు, మొదటి ఏడాది, పరికరాలింకా అందరూ పెట్టుకోని రోజుల్లో. ఆ రైతు ఏడవలేదు, తిట్టలేదు, గట్టు మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు, చెమట లేకపోయినా. ఆ మనిషిని చూశాకే ఈ ఉద్యోగంలో కుదురుకున్నాడు.

చేబ్రోలు. దిగుతోంది, దిగుతోంది, దిగింది. ఇక చివరి మెట్టు, కాన్ఫిగ్ ఫైలులో తనకి కావలసిన ఏర్పాట్లు రాసుకోవడం. ఏ మీట నొక్కితే వెతకాలి, ఏ మీటకి తరవాతి చోటికి ఎగరాలి. ఇంకొకటి కూడా. దొరికిన వరస ఎక్కడున్నా సరే, తెచ్చి తెర నడిమధ్యన నిలబెట్టాలి. ఆ ఏర్పాటు ఆఫీసులో ఎవరికీ ఉండదు, ఎవరికీ అక్కర్లేదు. తన చిన్న గుండ్రం నిలిచేది అక్కడే. ఆ వరస రాస్తూ తెర కాస్త తనవైపుకి వంచుకున్నాడు. ఏంటిది, దొంగతనం చేస్తున్నట్టు. రాసి, దాచి, ఎడిటర్ మూసి తెరిచి, మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. ఇంతకుముందు తెరుచుకున్న పెట్టె కూడా ఇప్పుడు తెరుచుకోవడం లేదు. రాయకముందు పనిచేసింది, రాశాక చచ్చింది, అంటే రాసిందాంట్లోనే ఏదో ఉంది.

ఫోన్. వీరేంద్ర. వెనక సన్నాయి. "సార్, ఏమైనా దొరికిందాండీ?"

"ప్లగిన్ పెట్టుకుంటున్నానయ్యా. మీట పనిచెయ్యడం లేదు."

"కాన్ఫిగ్‌లో తప్పుంటే తెరవగానే ఎర్రగా వస్తుంది కదండీ, ఓ మూలన. రెండు క్షణాలుండి పోతుంది. చూడండి."

"ఆఁ, చూస్తున్నాను."

చూస్తున్నాను. ఎంత సులువుగా వచ్చింది నోటికి. ఏ మూలన? పైనా, కిందా, కుడా, ఎడమా? మూసి తెరిచాడు, చూపు కింది కుడి మూలకి పరిగెత్తించాడు, అక్కడేమీ లేదు. మూసి తెరిచాడు, పైమూల, ఏమీ లేదు, వచ్చి పోయిందా, అసలు రాలేదా, తన గుండ్రం అక్కడికి చేరేలోపు ఆరిపోయిందా. నిన్నటి తెల్లగిన్నె. చుక్క వెలుగుతోంది, వెలిగి ఆరుతోంది, తను మెషిన్ ఆగిపోయిందనుకుంటున్నాడు. రాసిన వరసలు మొదటినుంచి అక్షరం అక్షరం చదివాడు, అన్నీ సరిగ్గానే ఉన్నట్టున్నాయి, తను రాసిన తప్పు తన కంటికి ఎప్పుడు దొరికింది కనక. చెమట కనుబొమ్మల మీంచి దిగింది. కైకరం దాటిందో, లేదో. మళ్ళీ ఫోన్, ఈసారి శ్రీరంగనాయకులు గారు.

"ఆయ్, హేమంత్ గారూ, నేనండి. నేను మాత్రం కంటితో చూశాను కాబట్టి చక్రాలేసేశానండి. కొన్ని చేపలు తిరగబడ్డాయి, పోతే పోనీండి. మా పక్క చెరువుల కాడ మనిషి లేడండి. అందరూ భోజనాలకెళ్ళి పడుకున్నారు, ఫోన్లు ఎత్తట్లేదు. నేను గట్టెంట పరిగెత్తుకెళ్ళి ఎంతమందినని లేపనండీ, ఈ వయసులో? మీ ఫోనొస్తే లేస్తారండి. అది ఆగకుండా మోగుద్ది కదా."

"వస్తుందండి. పది నిమిషాల్లో వస్తుంది" అన్నాడు. ఎలా వస్తుంది? ఎవరిస్తారు? చుట్టూ మనుషులున్నారు, అందరికీ కళ్ళున్నాయి, ఈ పెట్టెలో ఎవరు చూసినా ఆ ఎర్ర అక్షరాలు ఇట్టే కనబడతాయి, చంటిపిల్లకైనా కనబడతాయి. అడిగితే చాలు. అడగడానికి ఇంత ఆలోచనేంటి. చెరువులో చేప కూడా నోరు తెరుస్తోంది కదా, ఊపిరి కోసం నోరు తెరవడానికి సిగ్గుపడే ప్రాణి తనొక్కడేనా. పుల్ల స్టేషను బోర్డు పసుపుగా గుండ్రంలోకొచ్చి పోయింది.

"అమ్మా" అన్నాడు. తల పూర్తిగా ఎడమకి తిప్పి ఆవిడ మొహాన్ని చూపులోకి తెచ్చుకున్నాడు. "మీ పేరేంటండి?"

"రత్నాంబ బాబూ. ఏం?"

"ఓ సాయం చెయ్యాలండి. నేనిప్పుడు ఇది తెరుస్తాను. తెరవగానే తెరమీద ఏదో మూల ఎర్రగా ఇంగ్లీషు అక్షరాలొస్తాయి, వెంటనే పోతాయి. నాకు... నాకు మధ్యలోదే కనబడుతుందండి. పక్కలు కనబడవు. మీరు చూసి చెప్పాలి."

అనేశాడు. పెట్టెలో ఎవరూ తలతిప్పి చూడలేదు, రైలు ఆగలేదు. రత్నాంబ సంచిలోంచి కళ్ళజోడు తీసి, పమిట చెంగుతో తుడిచి పెట్టుకుని, తెర మీదికి వంగింది. "ఇంగ్లీషంటే అక్షరాలు కూడబలుక్కుంటాను గాని అర్థం తెలీదయ్యా."

"అర్థం నాకు తెలుసండి. అక్షరాలు చెప్పండి చాలు."

మూసి తెరిచాడు. "అదిగో! పైన, ఇటు చివర. పోయింది. ఉండు బాబూ, మళ్ళీ తెరువు. ఎల్... ఐ... ఎన్... ఈ... ఏదో అంకె... పోయింది. ఏంటిది, ఇంత తొందరేంటి దీనికి? మళ్ళీ." మళ్ళీ తెరిచాడు. ఆవిడ వేలు తెరకి ఆనించి చదివింది, "పన్నెండు. లైను పన్నెండు. తరవాత... సీ... ఓ... ఎమ్... ఎమ్... ఏ."

కామా. పన్నెండో వరస. వరస నడిమధ్యన నిలబెట్టమని దొంగతనంగా రాసిన వరస, దాని చివర కామా లేదు. అంతే. పెట్టాడు, మూసి తెరిచాడు. "ఇప్పుడేమీ రాలేదు బాబూ" అంది రత్నాంబ, తనే కంగారుగా. "రాకూడదండి" అన్నాడు. మీట నొక్కాడు. పెట్టె తెరుచుకుంది, తెర మధ్యన, తెల్లగా, ఏం కావాలి అని అడుగుతున్నట్టు.

ఏం వెతకాలో పైకి చెప్పుకున్నాడు, పక్కన ఆవిడ ఉందన్నది కూడా మరిచి. పరికరం పాడయితే, దాన్నుంచి లెక్క రాకపోతే, ప్రోగ్రాము ఏం చెయ్యాలి? తెలియదు అనాలి, తెలియదంటూ రైతుకి ఫోన్ చెయ్యాలి. తను అలాగే రాశాడు. ఆ భాగానికి తను పెట్టిన పేరు కొట్టాడు. ఒక చోట దొరికింది, ఎగిరి ముందుకొచ్చి నిలబడింది, తను రాసింది రాసినట్టే ఉంది. తరవాతి మీట. ఇంకో చోటు. ఇంకో చోటా? ఈ ఫైలు తనెప్పుడూ తెరవలేదు. కొత్త యాప్ కోసం ఎండాకాలంలో వీరేంద్ర తయారు చేసింది, ఇక్కడా అదే పని ఉంది, కాని ఇక్కడ లెక్క రాకపోతే అంతకుముందు వచ్చిన లెక్కనే మళ్ళీ చూపిస్తోంది. పొద్దున్న వచ్చిన మంచి లెక్క. నిన్నటి వానకి దెబ్బతిన్న కంపెనీ టవరేదో అటువైపు పొద్దెక్కాక ఆగిపోయి పరికరాలన్నీ మూగపోతే, ఇది పొద్దుటి నీళ్ళనే మధ్యాహ్నందాకా పచ్చగా చూపిస్తూ కూర్చుంది. కనబడనిదాన్ని కనబడుతోందని చెప్పింది. చూస్తున్నాను అంది. హేమంత్‌కుమార్ ఆ వరసని ఇంకోసారి చదివాడు. వీరేంద్రని ఏమనాలి? ఇందాక తనన్నదీ అదే.

మార్చాడు. లెక్క రాకపోతే తెలియదు. తెలియకపోతే ఫోన్. చిన్న మార్పు, వరసలు తెర మధ్యన నిలబడి ఉన్నాయి, ఒక్కటి కూడా గుండ్రం దాటి పారిపోలేదు. పరీక్షించాడు, సర్వర్‌కి పంపబోయాడు. సిగ్నల్ లేదు. గీత లేదు. భీమడోలు రావాలి. రైలు ఎందుకో నెమ్మదించింది, పొలాల మధ్య ఆగింది, ఇంజను దూరంగా ఒక కూత వేసింది. ఎదుటి రైలు దాటాలి కాబోలు. ఎంతసేపు. రత్నాంబ అడగలేదు, సంచి ఒళ్ళో పెట్టుకుని తనతోపాటు కూర్చుంది, ఏం జరుగుతోందో తెలియకపోయినా ఏదో ప్రాణం మీదికొచ్చిందని తెలిసినట్టు. రైలు కదిలింది. భీమడోలు కప్పులు, నీళ్ళ ట్యాంకు, ఒక గీత, రెండు. పంపుతోంది. పంపుతోంది. వెళ్ళింది.

తరవాత చేసేదేమీ లేదు. అదే కష్టం. చెయ్యడానికి పనున్నంతసేపూ భయం వేళ్ళలో ఉండింది, ఇప్పుడు ఒళ్ళంతా పాకింది. వెళ్ళింది సరే, అక్కడ అందుకుందా, మోగుతోందా, ఇంకో మూల ఇంకేదైనా ఎర్రగా వెలిగి ఆరిపోయిందా. దెందులూరు వచ్చిందని ఎవరో అన్నారు. అప్పుడు పక్క వరస సీట్ల దగ్గర ఒక ఫోన్ మోగింది. ఎవరో ఎత్తి, స్పీకర్లో పెట్టారు, పల్లెటూరి మగవాళ్ళు పెట్టుకున్నట్టు గట్టిగా.

"మీ చెరువులోని పరికరం నుంచి సమాచారం అందడం లేదు. దయచేసి వెంటనే చెరువు చూడండి. ఏరియేటర్లు వేయండి."

ఉషశ్రీ గొంతు. మొదటి ఏడాది కంపెనీకి గొంతు కొనే స్తోమత లేక, హాలులో ఫ్యాను ఆపి, హర్షిణిని పక్కింట్లో కూర్చోబెట్టి, తనే చదివించి రికార్డు చేశాడు. బడిలో పిల్లలకి చెప్పినట్టు చెప్పింది, ఒక్కో మాటా విడిగా, విసుగు లేకుండా. ఇప్పుడా గొంతు ఎవరో తెలియని మనిషి ఫోన్లోంచి రైలు పెట్టెలో మోగుతోంది, ఆ మనిషి "హలో, హలో, యోసేపూ, ఎక్కడున్నావు, ముందు చక్రాలెయ్యి, తరవాత తిందువుగాని" అని ఇంకొకళ్ళకి అరుస్తున్నాడు. ఇంకెంతమంది ఫోన్లలో, కొల్లేరు చుట్టూ ఎన్ని మంచాల పక్కన, చూడండి, వేయండి అంటూ ఆమె మనుషుల్ని లేపుతోందో. హేమంత్‌కుమార్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కిటికీలో ఏముందో చూడలేదు.

పవర్‌పేట దాటుతుండగా శ్రీరంగనాయకులు గారు చేశారు. రొప్పుతున్నారు. "లేశారండి, అందరూ లేశారు. చక్రాలన్నీ తిరుగుతున్నాయి, ఆ చప్పుడు మీకినబడుతుందాండీ? మూల చెరువొకటి మాత్రం దక్కలేదండి. దేవసహాయం గారిది. తెల్లగా తేలిపోయినయ్. మిగతావి నిలబడతాయండి."

దేవసహాయం గారి చెరువు. ఆయన మొహం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, రాలేదు. రేపు వెళ్ళాలి. వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడాలి. వెంటనే వీరేంద్రకి చేశాడు. ఏం జరిగిందో, ఏ ఫైలులో, ఏం మార్చాడో చెప్పాడు. అవతల సన్నాయి ఆగింది, వీరేంద్ర ఎటో పక్కకి నడిచినట్టున్నాడు. "నేను రాసిందే కదండీ అది" అన్నాడు, గొంతు సన్నబడిపోయి. "రాసినప్పుడు మీకు చూపించానండి."

"చూపించావు. నేను చూడలేదు." ఊపిరి తీసుకున్నాడు. "వీరేంద్రా, నాకు పక్కలు కనబడవయ్యా. రెండేళ్ళయింది. మధ్యలో కాస్తే కనబడుతుంది, అదీ తగ్గుతోంది. ఆ రోజు తెర సగం చూసి బాగుందన్నాను."

అవతల సన్నాయి మళ్ళీ మొదలయింది. తరవాత వీరేంద్ర, "రేపు పొద్దున్నే వచ్చేస్తానండి. దేవసహాయం గారి దగ్గరికి ఇద్దరం వెళదాం. నేను స్టేషన్‌కొచ్చి మిమ్మల్ని ఎక్కించుకుంటాను" అన్నాడు. మళ్ళీ తనే, "మిగతాది దారిలో మాట్లాడుకుందామండి" అన్నాడు. ఆ మిగతాదాంట్లో ఏముందో హేమంత్‌కుమార్‌కి తెలియలేదు. పక్కన పెడతారో, పక్కన కూర్చోబెట్టుకుంటారో. తెలియదు. తెలియదు అనుకోవడంలో ఇంత తేలిక ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఏలూరు. మనుషులు లేచారు, సంచులు, మోచేతులు, ఎటునుంచి ఎవరు తగులుతున్నారో తెలియదు, ఎప్పుడూ అందరూ దిగేదాకా ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ కూర్చునేవాడు, ఖాళీ అయ్యాక తడుముకుంటూ దిగేవాడు. ఇవాళ లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. రత్నాంబ ముందు నడుస్తోంది, చీర అంచు గుండ్రంలోకి వస్తూ పోతూ ఉంది. తలుపు దగ్గర గాలి తగిలింది, ఎట్టకేలకి కదిలిన గాలి.

"అమ్మా, మెట్టు ఎక్కడుందో చెప్తారా?" అన్నాడు.

ఆవిడ కిందికి దిగి, వెనక్కి తిరిగి, చెయ్యి చాచింది. "ఇదిగో బాబూ, ఇక్కడ. కాస్త ఎత్తుంది. దిగు."